బీరు కాచే పాత్రలకు ఏ శానిటైజర్ మంచిది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. ఇంట్లో మూడు విడతలు బీరు చేశారు. కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్, సన్నని మూతి ఉన్న ఒక పెద్ద గాజు సీసా (కార్బాయ్), ద్రవాన్ని ఒక పాత్ర నుంచి మరోదానికి దించే సైఫన్ గొట్టం, నలభై దాకా సీసాలు మీ సామాను. మొదటి విడత బాగా వచ్చింది. రెండోది రెండు వారాలకు పుల్లబడింది. భయపడి మూడోసారి బ్లీచ్ మోతాదు పెంచారు, ఈసారి పులుపు లేదు కానీ ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన వచ్చింది. ఇప్పుడు ఒకరు అయోడిన్ ఉన్న అయోడోఫర్ అంటున్నారు, ఒకరు ఆమ్లంతో పనిచేసే స్టార్ శాన్ అంటున్నారు, ఇంకొకరు మరిగే నీళ్లకు మించింది లేదంటున్నారు. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ సందేహం.

నా జవాబు ఇది. ధాన్యం నుంచి తీసిన, ఇంకా ఈస్టు వేయని తీపి రసాన్ని వోర్ట్ అంటారు. చల్లారిన వోర్ట్‌ను తాకే ప్లాస్టిక్, గాజు వస్తువులకు కడిగేయనక్కర్లేని శానిటైజర్ ఒకటి, అంటే ఆమ్లపు రకం గానీ అయోడోఫర్ గానీ పెట్టుకోండి. వేడికి తట్టుకునే చిన్న సామానును మరిగించండి. బ్లీచ్‌ను రోజువారీ వాడకం నుంచి తీసేయండి. అయితే ఇంత మాత్రమే చెప్పి వదిలేస్తే మీ నాలుగో విడత కూడా పాడయ్యే అవకాశం ఉంది. ఎందుకంటే మీ రెండో విడత, మూడో విడత పాడైనవి ఒకే కారణంతో కాదు. రెండోదానిలో శానిటైజర్ చేరవలసిన చోటికి చేరలేదు. మూడోదానిలో శానిటైజరే బీరులోకి చేరింది.

పులుపు సంగతి ముందు చూద్దాం, ఎక్కువ మందికి ఎదురయ్యేది అదే. నాకూ ఎదురైంది. ఒకే బకెట్‌లో వరుసగా మూడు విడతలు పుల్లబడ్డాయి. ప్రతిసారీ శానిటైజర్‌దే తప్పనుకుని దాన్ని మార్చాను. మూడు రకాలు మార్చాను, ఫలితం మారలేదు. చివరికి బకెట్ అడుగున ఉన్న కుళాయిని మొదటిసారి పూర్తిగా విప్పి చూశాను. లోపలి గొట్టానికీ దాని తొడుగుకూ మధ్య గోధుమ రంగులో జిగురు పేరుకుని ఉంది. నెలల తరబడి అక్కడ నివాసం ఉన్న బాక్టీరియా అది. నేను పోసిన ప్రతి మందూ దాని పై పొరను తడిపి వెళ్లిపోయింది. కుళాయిని విప్పి, కడిగి, మరిగించి బిగించాను. పులుపు అక్కడితో ఆగిపోయింది. ఆ మూడు విడతల కష్టం, ధాన్యం, వారాల నిరీక్షణ అన్నీ నేల పాలయ్యాయి. అది మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ జిగురును జీవపొర అంటారు. బాక్టీరియా తమ చుట్టూ తాము అల్లుకునే కవచం అది. శానిటైజర్లు దాన్ని చొచ్చుకుపోలేవు. ఎండిన వోర్ట్ మరక, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల జిడ్డు, పాత ఈస్టు తెట్టు కూడా అంతే. క్లోరిన్, అయోడిన్ లాంటివి ఆ మురికితోనే చర్య జరిపి తమ శక్తిని అక్కడే ఖర్చు చేసుకుంటాయి. కాబట్టి కడగడం ఒక పని, క్రిమిశుద్ధి మరొక పని. మొదటిది కంటికి కనిపించే మురికిని తీస్తుంది, రెండోది కంటికి కనిపించని వాటి సంఖ్యను తగ్గిస్తుంది. తగ్గిస్తుంది అనే మాటను గమనించండి. శానిటైజర్ ఏదీ పాత్రను పూర్తిగా నిర్జీవం చేయదు. ఆ పనికి ప్రెషర్ కుక్కర్ కావాలి. మనకు అంత అవసరమూ లేదు. మీరు 20 లీటర్ల మామూలు వోర్ట్‌లో సరిపడా ఈస్టు వేశారంటే దాదాపు 18 వేల కోట్ల కణాలు వేసినట్టు. అవి ఒకటి రెండు రోజుల్లో ఆహారాన్ని ఆక్రమించి, ఆమ్లత్వం పెరిగేకొద్దీ తగ్గే కొలత అయిన పీహెచ్‌ను 5 పైనుంచి 4.5 దిగువకు దించి, ఆల్కహాల్ తయారుచేసి, మిగతావాటికి చోటు లేకుండా చేస్తాయి. పరుగు మొదలయ్యే సమయానికి పోటీదారులు బహు కొద్దిమందే ఉండేలా చూడటం వరకే మన బాధ్యత.

అందుకే మందు పేరు అడిగేముందు మీ కుళాయిని విప్పండి. మూతలోని రబ్బరు వలయం తీయండి. పులిసేటప్పుడు పుట్టే వాయువును బయటికి వదిలే ఎయిర్‌లాక్ బిగించే రంధ్రం అంచును వేలితో తడిమి చూడండి. సైఫన్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి లోపల మసకగా ఉందేమో చూడండి. మసకగా ఉంటే ఏ మందుతోనూ బాగుచేయాలని చూడకండి, కొత్తది కొనండి. బకెట్ లోపల గోరుకు తగిలేంత గీతలుంటే దాన్ని కూడా నీళ్లు పట్టుకోవడానికో ధాన్యం దాచడానికో మళ్లించండి. ప్లాస్టిక్ పాత్రను గరుకు పీచుతో తోమే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఆ పీచు చేసే ప్రతి గీతా ఒక బాక్టీరియా కాపురానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

కడగడానికి నేను వాడేది సోడియం పెర్‌కార్బొనేట్. వాసన లేని ఆక్సిజన్ ఆధారిత బట్టల పొడుల్లో ఉండే ముఖ్య పదార్థం ఇదే. బ్రూయరీ వాష్ పేరుతో అమ్మే పొడుల్లోనూ దీన్నే ఇతర క్షారాలతో కలుపుతారు. నీటిలో పడగానే ఇది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, సోడా యాష్‌గా విడిపోతుంది. పెరాక్సైడ్ బుడగలు మురికిని లేపుతాయి, క్షారం జిడ్డును కరిగిస్తుంది. 50 నుంచి 60 డిగ్రీల వేడి నీటిలో బాగా పనిచేస్తుంది, చల్లని నీటిలో మందకొడిగా ఉంటుంది. బకెట్‌ను అంచు దాకా నింపి కొన్ని గంటలు వదిలేస్తే తోమాల్సిన పనే ఉండదు. గాజు కార్బాయ్‌ని మాత్రం ముందు గోరువెచ్చని నీటితో తడిపి, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా వేడి పెంచండి. ఒక హెచ్చరిక: ఈ ద్రావణం పోసిన సీసాకు గానీ కార్బాయ్‌కి గానీ గట్టిగా మూత బిగించకూడదు. లోపల ఆక్సిజన్ వాయువు పుడుతూనే ఉంటుంది, పీడనం పెరుగుతుంది. తరువాత మంచి నీటితో బాగా తొలచండి. క్షారం మిగిలితే ఆ పైన పోసే ఆమ్లపు శానిటైజర్ దానితోనే తటస్థమై నిర్వీర్యమవుతుంది. కఠిన జలం వాడేవారికి పాత్ర మీద తెల్లని పొర మిగలవచ్చు. పలుచని ఆమ్లంతో తొలిస్తే అది పోతుంది. సువాసనల గిన్నెల సబ్బు వద్దు. ఆ పరిమళం ప్లాస్టిక్‌లో ఇంకుతుంది, ఆ సబ్బు బీరు నురుగును చంపుతుంది.

ఇంకో విషయం చెబితే మీ పని సగానికి తగ్గుతుంది. వోర్ట్ మరిగే పాత్ర, ధాన్యం నానబెట్టే పాత్ర, మరుగుతున్నప్పుడు కలిపే గరిటె, వీటికి శానిటైజర్ అక్కర్లేదు. శుభ్రంగా ఉంటే చాలు. గంటసేపు మరగడం కంటే గట్టి క్రిమిశుద్ధి మనం చేయలేం. స్టవ్ ఆపి వోర్ట్ చల్లబడటం మొదలైన క్షణం నుంచి దాన్ని తాకే ప్రతిదీ మాత్రం లెక్కలోకి వస్తుంది. వోర్ట్‌ను చల్లార్చే రాగి గొట్టపు చుట్ట, గరాటు, జల్లెడ, థర్మామీటర్, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్, ఈస్టు ప్యాకెట్, దాన్ని కత్తిరించే కత్తెర, మీ చేతులు. కొత్తవారు బకెట్‌ను అరగంట నానబెట్టి, కత్తెరను నేరుగా సొరుగులోంచి తీసి వాడతారు. అలాగే ధాన్యాన్ని మరపట్టే పని ఫెర్మెంటర్, అంటే బీరు పులిసే పాత్ర ఉన్న గదిలో ఎప్పుడూ చేయకండి. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, పొట్టు మీద పులుపు తెచ్చే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా సహజంగానే నివసిస్తుంది. ఆ దుమ్ము గాలిలో లేచి తెరిచి ఉన్న బకెట్‌లో వాలుతుంది. మీ రెండో విడత పులుపుకు కుళాయి కారణం కాకపోతే నేను రెండో అనుమానంగా చూసేది దీన్నే.

ఇక మందుల విషయానికి వస్తాను.

ఆమ్లపు శానిటైజర్లలో అందరి నోటా వినిపించే పేరు స్టార్ శాన్. ఇందులో ఫాస్ఫారిక్ ఆమ్లం, డోడెసైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం అనే నురుగు పదార్థం ఉంటాయి. రెండూ కలిసి సూక్ష్మజీవి పైపొరను ఛిద్రం చేస్తాయి. 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటర్ల పైచిలుకు. చిన్న మోతాదులకు సూది లేని సిరంజి వాడితే కొలత కచ్చితంగా వస్తుంది. కంటితో ఉజ్జాయింపుగా పోయకండి. శుభ్రంగా ఉన్న ఉపరితలం ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంటే చాలు. తరువాత వంపేసి అలాగే వాడేయవచ్చు, కడగకూడదు కూడా. మిగిలిన నురుగును చూసి కంగారుపడవద్దు. ఆ పలుచదనంలో అది బీరుకు రుచి ఇవ్వదు, ఈస్టుకు హాని చేయదు. పైగా ఆ నురుగు వల్ల పెద్ద లాభం ఉంది. ద్రావణం అందని పై అంచులకూ, మూత మలుపులకూ అది పాకుతుంది. రెండు లీటర్ల ద్రావణం కార్బాయ్‌లో పోసి బాగా కుదిపితే మొత్తం లోపలి గోడ తడుస్తుంది.

దీని బలమంతా ఆమ్లత్వంలో ఉంది. పీహెచ్ 3 లోపు ఉన్నంతకాలం నమ్మవచ్చు, 3 దాటితే పారబోయాలి. కఠిన జలంలో కలిపితే వెంటనే తెల్లగా మబ్బు పడుతుంది. అది చూసి చెడిపోయిందనుకునేవారున్నారు, మబ్బు ఉన్నా బాగుందనుకునేవారూ ఉన్నారు. కంటిచూపుతో తేల్చవద్దు, పీహెచ్ కాగితం ముంచి చూడండి. డిస్టిల్డ్ నీటిలో కలిపి మూత పెట్టుకుంటే వారాల తరబడి నిలుస్తుంది. స్ప్రే సీసాలో పోసి పెట్టుకోవడానికి అదే సరైన పద్ధతి. లోపాలూ చెప్పాలి. గాఢ ద్రావణం చర్మాన్నీ కంటినీ గాయపరుస్తుంది, చేతికి తొడుగు ఉండాల్సిందే. చలువరాతి గట్టు మీద ఒలికితే మచ్చ పడుతుంది. వినైల్ గొట్టాలను రాత్రంతా ఇందులో నానబెడితే తెల్లబడి జిగటగా తయారవుతాయి. పని అయ్యాక తీసి ఆరబెట్టండి.

అయోడోఫర్ విషయంలో నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది, కారణం చెబుతాను. అది అయోడిన్‌ను మరో పదార్థంతో ముడివేసి మెల్లగా విడుదలయ్యేలా చేసిన ద్రావణం. 12.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 12.5 భాగాలు) గాఢతలో కలిపితే కడగనక్కర్లేదు. 1.6 శాతం అయోడిన్ ఉన్న రకమైతే 19 లీటర్లకు 15 మిల్లీలీటర్లు ఆ గాఢతను ఇస్తాయి. మీ సీసా మీద శాతం వేరుగా ఉంటే లెక్క మార్చుకోవాలి. నేను పది నిమిషాలు ఉంచి, వంపేసి, బోర్లించి ఆరబెడతాను. దీనిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే ఇది తన పరిస్థితిని తానే చెబుతుంది. పలుచని టీ రంగులో ఉంటే పనిచేస్తోంది, రంగు పోయిందంటే శక్తి పోయింది. పీహెచ్ కాగితం కూడా అవసరం లేదు. బాక్టీరియాతో పాటు అడవి ఈస్టుల మీద, బూజుల మీద కూడా ఇది బాగా పనిచేస్తుంది.

అడవి ఈస్టులను చిన్నచూపు చూడకండి. బీరు చెడిపోవడానికి బాక్టీరియా కారణమని 1870లలో పాశ్చర్ చూపించాక సమస్య తీరిందనుకున్నారు. ఆ తర్వాత కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అడవి ఈస్టులు కూడా బీరును పాడుచేస్తాయని చూపించాడు. 1883లో ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్టుతో బీరు తయారీ మొదలైంది అందుకే. మన ఇళ్లలో దీనికి ప్రమాదకరమైన రూపం ఒకటుంది. డయాస్టాటికస్ అనే ఈస్టు రకం మామూలు ఈస్టు తినలేని పెద్ద పిండిపదార్థాలైన డెక్స్‌ట్రిన్లను కూడా చక్కెరలుగా విడగొట్టి తింటుంది. సీసాలో మూత వేశాక వారాల పాటు మెల్లగా పనిచేస్తుంది. రుచిలో పెద్ద తేడా రాకముందే వాయువు పెరిగి సీసాలు పగులుతాయి. సెజాన్ అనే బెల్జియన్ బీరుకు వాడే ఈస్టుల్లో చాలావాటికి ఈ గుణం ఉంది కాబట్టి, ఆ బీరుకు వాడిన ప్లాస్టిక్ గొట్టాలను నేను వేరుగా ఉంచుతాను.

అయోడోఫర్‌కు ఉన్న చిక్కులు మూడు. వేడి నీటిలో అయోడిన్ ఆవిరైపోతుంది కాబట్టి చల్లని లేదా గది వేడిమి నీటిలోనే కలపాలి. ప్లాస్టిక్‌కూ బట్టలకూ గోధుమ రంగు అంటుకుంటుంది, బకెట్‌కు అంటినదానితో నష్టం లేదు. ఎండలో, తెరిచిన పాత్రలో త్వరగా బలహీనపడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవడం మంచిది.

ఇప్పుడు బ్లీచ్. దీన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. సూక్ష్మజీవులను చంపడంలో అది చాలా శక్తిమంతమైనది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్‌ను లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపితే 200 పీపీఎం క్లోరిన్ వస్తుంది. ఇరవై నిమిషాలు నానబెడితే పని అవుతుంది. చిక్కంతా ఆ తర్వాత ఉంది. ఆ గాఢతలో దాన్ని కడిగి తీరాలి. దేనితో కడుగుతారు? కుళాయి నీటితో కడిగితే క్రిమిశుద్ధి చేసిన పాత్రలోకి మళ్లీ సూక్ష్మజీవులను మీరే పోస్తున్నారు. మరిగించి చల్లార్చిన నీటితో కడగాలంటే, ఇరవై లీటర్ల బకెట్‌కు ఎంత నీరు మరిగించాలో ఆలోచించండి. మూడోసారి మీరు ఒకసారి తొలిచి వదిలేశారని రాశారు. మోతాదు రెట్టింపు, తొలచడం ఒక్కసారి. మిగిలిన క్లోరిన్ వోర్ట్‌లోని ఫినాల్‌లతో కలిసి క్లోరోఫినాల్‌లు అయింది. లీటరులో కొన్ని మైక్రోగ్రాములున్నా మన ముక్కు వాటిని పట్టేస్తుంది. ఆ ఆసుపత్రి వాసన అదే. నిల్వ ఉంచితే పోతుందని ఎదురుచూడకండి, పోదు.

అయితే ఒక్క అనుమానం తీర్చుకోండి. వాసన లవంగం లాగా, కొంచెం పొగ లాగా ఉంటే అది అడవి ఈస్టు పని కావచ్చు. గాయానికి వేసే పట్టీ లాగా, క్రిమిసంహారిణి లాగా ఉంటే క్లోరిన్ పని. అది కూడా శానిటైజర్ నుంచే వచ్చిందని చెప్పలేం. బీరుకు వాడిన కుళాయి నీటిలోనే క్లోరిన్ లేదా దాని మరో రూపమైన క్లోరమిన్ ఉండవచ్చు. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమిన్ అంత తేలికగా పోదు. 20 లీటర్ల నీటికి మెటాబైసల్ఫైట్‌తో చేసిన ఒక క్యాంప్‌డెన్ బిళ్లలో సగం పొడిచేసి కలిపితే రెండూ నిమిషాల్లో పోతాయి. మీ మొదటి రెండు విడతల్లో ఈ వాసన లేదంటున్నారు, నీరు కూడా మారలేదంటున్నారు కాబట్టి నేను బ్లీచ్‌నే అనుమానిస్తున్నాను.

ప్రాణం మీదికి వచ్చే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్లీచ్‌ను ఏ ఆమ్లంతోనూ కలపకండి. స్టార్ శాన్‌తో కలపకండి, వెనిగర్‌తో కలపకండి. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసి ఉన్న వంటగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. కొద్దిగా వెనిగర్ కలిపితే బ్లీచ్ శక్తి పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. రసాయనికంగా అందులో నిజముంది, తక్కువ పీహెచ్‌లో హైపోక్లోరస్ ఆమ్లం పాలు పెరుగుతుంది. కానీ కొలతలో, వరుసలో ఒక్క పొరపాటు జరిగితే వచ్చే నష్టం ముందు ఆ లాభం ఎంత? నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వను. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను బ్లీచ్‌లో నానబెట్టకండి, సూది గుచ్చినట్టు చిన్న గుంటలు పడతాయి. పరిమళం కలిపిన, చిక్కగా చేసిన రకాలు అసలే వద్దు. పైగా బ్లీచ్ సీసా నిల్వలో నెలలు గడిచేకొద్దీ, వెచ్చగా ఉండేకొద్దీ బలహీనపడుతుంది. మీరు పోసిన 4 మిల్లీలీటర్లలో ఎంత మందు మిగిలిందో చెప్పడం కష్టం. నేను దాన్ని వాడేది ఒకే ఒక సందర్భంలో. మొండి జీవపొర పట్టిన గాజు పాత్రను, బాగా కడిగాక, ఒక్కసారి బ్లీచ్‌లో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా తొలిచి, ఎండబెట్టి, మళ్లీ వాడే రోజున మామూలు శానిటైజర్ పోస్తాను.

మరిగే నీళ్లే చాలన్నవారి మాటలో నిజం ఎక్కువే ఉంది. వేడికి ఒక గుణం ఉంది, అది ఏ మందుకూ లేదు: ద్రావణం చేరని సందులోకి కూడా వేడి చేరుతుంది. కుళాయి మరలు, గొట్టం అమరికలు, స్టీలు వాల్వులు, సిలికాన్ గొట్టం, జల్లెడ, ఇవన్నీ పది నిమిషాలు మరిగించండి. కుళాయి ఏ ప్లాస్టిక్‌తో చేసిందో మాత్రం చూసుకోండి, పాలీప్రొపిలీన్ మరిగే నీటికి తట్టుకుంటుంది. చల్లార్చే రాగి చుట్టను మరుగు ఆపడానికి పదిహేను నిమిషాల ముందు వోర్ట్‌లోనే దించేస్తే దానికి వేరే శుద్ధి అక్కర్లేదు. శుభ్రమైన గాజు సీసాలను నోటికి అల్యూమినియం రేకు చుట్టి, చల్లని ఓవెన్‌లో పెట్టి, మెల్లగా 170 డిగ్రీలకు తెచ్చి గంటసేపు ఉంచి, ఓవెన్‌లోనే చల్లారనిస్తే, రేకు విప్పేదాకా అవి శుద్ధంగానే ఉంటాయి. వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. రబ్బరు వాషర్ ఉన్న బిరడా సీసాలైతే వాషర్ తీసేయాలి. పదేపదే ఇలా చేస్తే గాజు బలహీనపడుతుంది, కాబట్టి నేను ప్రతిసారీ చేయను.

కానీ వేడికి లొంగని సామాను మీ దగ్గర ఎక్కువ ఉంది. పెట్ ప్లాస్టిక్ సీసాలు 70 డిగ్రీల దగ్గరే మెత్తబడి ముడుచుకుంటాయి. గాజు కార్బాయ్‌లో మరిగే నీళ్లు పోస్తే అది పగులుతుంది, ఆ గాజు చేసే గాయాలు చిన్నవి కావు. దయచేసి ఆ ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. హైడ్రోమీటర్‌కూ మరుగు పనికిరాదు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. 70 శాతం ఆల్కహాల్ స్ప్రే చాలా ఉపయోగకరం. ఈస్టు ప్యాకెట్ అంచు, కత్తెర, కుళాయి మూతి, ఈస్టును ముందుగా పెంచే స్టార్టర్ ఫ్లాస్కు అంచు, ఇలాంటి చోట్ల చల్లి ఆరనిస్తే సరి. 99 శాతం కన్నా 70 శాతమే మెరుగు, ఎందుకంటే సూక్ష్మజీవి లోపలి ప్రొటీన్లను విరగ్గొట్టడానికి నీరు కూడా కావాలి, పైగా మెల్లగా ఆరుతుంది. వెలుగుతున్న స్టవ్ దగ్గర మాత్రం చల్లకండి. మెటాబైసల్ఫైట్ ద్రాక్ష సారాయి చేసేవారి సాధనం. అది చాలావరకు సూక్ష్మజీవుల ఎదుగుదలను ఆపుతుంది తప్ప నమ్మకంగా చంపదు, ఉబ్బసం ఉన్నవారికి దాని ఆవిరి పడదు. వెనిగర్ శానిటైజర్ కాదు. పెరాసిటిక్ ఆమ్లం బ్రూయరీల్లో విరివిగా వాడతారు, చక్కగా పనిచేస్తుంది. కానీ దాని గాఢ ద్రావణం ఘాటు కళ్లకూ ఊపిరికీ తీవ్రమైనది, ఇంటికి సిఫారసు చేయను.

అయితే ఆమ్లపు శానిటైజరా, అయోడోఫరా? మీ సామానుకు రెండూ సరిపోతాయి. మీ అలవాటును బట్టి తేల్చుకోండి. పని మధ్యలో పదిసార్లు ఏదో ఒకటి ముంచి తీసేవారు, స్ప్రే సీసా చేతిలో లేనిదే పనిచేయలేనివారు ఆమ్లపు రకం తీసుకోండి. ఒక నిమిషంలో పని అవుతుంది, కలిపింది నిలుస్తుంది. ఒక బకెట్ నిండా ద్రావణం చేసి అన్నీ అందులో వేసి, పని అయ్యాక పారబోసేవారికి, రంగు చూసి నమ్మకం తెచ్చుకునేవారికి అయోడోఫర్ హాయిగా ఉంటుంది. మీ ప్రశ్న చదివితే మీరు మొదటి రకమనిపించింది, అందుకే మీకైతే ఆమ్లపు రకం అంటాను. ఒకే సిట్టింగ్‌లో రెండింటినీ కలిపి మాత్రం వాడకండి. ఒకదానితో ఎన్ని విడతలు చేసినా అడవి ఈస్టు జాడ పోకపోతే, అప్పుడు ఒకసారి రెండోదానికి మారి చూడండి.

ఎంచుకున్నాక నాలుగో విడతకు ఇలా చేయండి. బీరు సీసాల్లోకి ఎక్కించిన రోజే బకెట్ కడిగే అలవాటు చేసుకోండి, ఎండిన మరక తడి మరకకన్నా పదింతలు మొండిది. కుళాయి విప్పి వేరుగా నానబెట్టండి. అన్నీ పూర్తిగా ఆరాకే మూత పెట్టండి, తడిగా మూసిన బకెట్‌లో బూజు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. కాచే రోజున మరుగు మొదలయ్యాక శానిటైజర్ కలపండి, అంతకుముందు కాదు. బకెట్‌లో పోసి, కుళాయి తెరిచి కొంత ద్రావణాన్ని దానిగుండా పారనివ్వండి. చాలామంది బకెట్ తడిపి కుళాయి లోపలి భాగాన్ని పొడిగా వదిలేస్తారు. సైఫన్‌ను కూడా నోటితో పీల్చి మొదలుపెట్టకండి, మన నోటి నిండా లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది. గొట్టాన్ని శానిటైజర్‌తో నింపి, ఆ ద్రావణం బరువుతోనే ప్రవాహం మొదలుపెట్టి, మొదట వచ్చినదాన్ని వేరే గిన్నెలోకి వదిలేయండి.

ఈ పద్ధతి పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి రెండు వారాలు ఆగనక్కర్లేదు. వోర్ట్ చల్లారి బకెట్‌లోకి చేరాక, ఈస్టు వేయడానికి ముందు, కుళాయి నుంచి ఒక కప్పు వోర్ట్‌ను మరిగించిన చిన్న గాజు సీసాలోకి పట్టండి. నోటికి రేకును వదులుగా కప్పి వెచ్చని చోట, 25 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టండి. ఈస్టు లేని ఆ వోర్ట్ మూడు రోజులు ఏ మార్పూ లేకుండా ఉండిపోతే మీ కుళాయి, గొట్టం, చల్లార్చే చుట్ట అన్నీ బాగున్నట్టే. ఒక్క రోజులోనే మబ్బు పట్టినా, బుడగలు వచ్చినా ఎక్కడో సందు మిగిలి ఉంది. దాన్ని రుచి చూడకండి, వాసన చూసి పారబోయండి. పుల్లని వాసనా, కుళ్లిన కూరగాయల వాసనా, పండ్ల వాసనా అన్నది ఇక్కడ రాయండి. ఎక్కడ వెతకాలో కలిసి చూద్దాం.